ఆఫీసులో రస్ట్ రాస్తుంటే ఇంట్లో గేటుకి తుప్పు: వైజాగ్ ఉప్పుగాలికి ఏ 'లాంగ్వేజ్' నయం?

సెగ్‌ఫాల్ట్_సాగర్ అడిగారు:

ఇల్లు వైజాగ్‌లో, బీచ్ రోడ్డుకి రెండు వీధుల వెనక. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) స్క్వేర్ పైపు గేటు, 10 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, రెండు రెక్కలు. కింద సగం 18 గేజ్ రేకు, పైన సగం 20 మి.మీ. చదరపు పైపులు, ఫ్రేమంతా 40 మి.మీ. పైపు. వెల్డింగ్ షాపులో రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, పైన నల్ల ఎనామిల్ రెండు కోట్లు వేసి బిగించారు. రెండో వానాకాలం దాటేసరికి రేకు కింది అంచున పొక్కులు, వెల్డింగ్ అతుకుల దగ్గర గోధుమరంగు కారికలు. విచిత్రం ఏమిటంటే వానలో తడిసే వైపు కంటే పోర్టికో కింద ఉన్న గ్రిల్లే ఎక్కువ పాడైంది.

నా సందేహాలు. ఇదే గేటుని బాగుచేయాలంటే పద్ధతిగా ఏం చేయాలి? లేక పీకేసి జీఐ (జింక్ పూత పూసిన ఇనుము) పైపుతోనో స్టెయిన్‌లెస్‌తోనో కొత్తది చేయించాలా? మేడ మీద జీఐ రేకుల షెడ్డు వేయబోతున్నాం, దానికి స్టెయిన్‌లెస్ స్క్రూలు కొట్టొచ్చా?

ప్రోగ్రామింగ్ భాషలో చెబితే నాకు తొందరగా ఎక్కుతుంది. ఆఫీసులో నేను రాసే ప్రోగ్రామింగ్ భాష పేరు కూడా రస్టే, అంటే తుప్పే. దాని కంపైలర్ ప్రతి లైనుకీ అడ్డం పడుతుంది. ఇంట్లో తుప్పు మాత్రం ఒక్క వార్నింగ్ కూడా లేకుండా కంపైలైపోతోంది.

పిట్టింగ్_పంతులు:

సాగర్ గారూ, ముందు పోర్టికో సంగతి. ఇనుముని తినేది వాన కాదండీ, వాన వచ్చి కడగని ఉప్పు. సముద్రపు గాలితో వచ్చే తుంపర అన్నిచోట్లా ఒకేలా పేరుకుంటుంది. ఆరుబయట ఉన్నదాన్ని వాన కడిగేస్తుంది. పోర్టికో కింద, సన్‌షేడ్ కింద, రేకు మడతల్లో పేరుకున్నది పేరుకున్నట్టే ఉంటుంది. లాగ్ రొటేషన్ పెట్టని సర్వర్ లాంటిదన్నమాట, రాయడమే తప్ప తుడవడం లేదు.

ఆ ఉప్పు ఊరికే కూర్చోదు, గాలిలో తేమను పీలుస్తుంది. మామూలు ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలి తేమ 75 శాతం దాటితే తనంతట తానే నీరుగారుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కి 33 శాతం చాలు. వైజాగ్‌లో తేమ ఏడాదిలో చాలాకాలం 70 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. కాబట్టి చేత్తో తాకితే పొడిగా అనిపించిన గ్రిల్లు మీద కూడా కంటికి ఆనని ఉప్పునీటి పొర ఉంటుంది. తుప్పుకి కావలసింది ఆ పొరా, గాలిలో ఆక్సిజనూ, అంతే.

ఇక పొక్కుల సంగతి. రంగు పొర కింద చిన్న గుంట పడిందనుకోండి. అక్కడ ఇనుము కరిగి, క్లోరైడ్‌తో కలిసి, నీటితో చర్య జరిపి ఆమ్లం పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఇంకొంచెం ఇనుముని కరిగిస్తుంది. క్లోరైడ్ ఇందులో ఖర్చు కాదు, మళ్లీ మొదటికి వచ్చి అదే పని చేస్తుంది. బేస్ కేస్ లేని రికర్షన్ అంటే ఇదే. స్టాక్ ఓవర్‌ఫ్లో అయ్యేది మాత్రం మీ 18 గేజ్ రేకులో, అంటే 1.2 మి.మీ. మందంలో.

అందుకే తుప్పు మీదే రంగు కొట్టడం దండగ. పైథాన్‌లో ఎర్రర్‌ని మింగేసే 'ట్రై, ఎక్సెప్ట్, పాస్' లాంటిది. ఎర్రర్ కనపడదు, ఉంటుంది.

గేజ్18:

పంతులు గారు చెప్పినదానికి నాదో చేర్పు. మీ గేటు బయటినుంచే కాదు, లోపలినుంచి కూడా పోతోంది. ఫ్రేము పైపు కింది మూలల్లో సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగున మోగితే పర్లేదు. మొద్దుగా, చచ్చు శబ్దం వస్తే లోపల నీరో తుప్పు పొడో చేరింది.

స్క్వేర్ పైపు గేట్లలో నూటికి తొంభై ఇలాగే చేస్తారు: నాలుగు మూలలా వెల్డింగ్ చేస్తారు గానీ అతుకు పూర్తిగా మూయరు, వెనకవైపు టాక్ (చుక్క వెల్డింగ్) మాత్రం వేసి వదిలేస్తారు. ఆ సందులోంచి వాన దిగుతుంది, బయటికి పోయే దారి ఉండదు. పైనుంచి చూస్తే యూఐ తళతళ, లోపల మెమరీ లీక్. పరిష్కారం రెండే రకాలు. అతుకు చుట్టూ పూర్తిగా వెల్డ్ చేసి గాలి చొరకుండా మూసేయాలి. లేదా కింది పైపుకి అట్టడుగున, రెండు చివర్లా 8 మి.మీ. రంధ్రాలు వేసి నీటిని వదిలేయాలి. సగం మూసి సగం వదలడం మాత్రం అన్నిటికంటే చెడ్డది. ఇప్పటికే తుప్పు పట్టిన పైపుకి రంధ్రాలే మేలు, లోపల ఉన్న తేమను మూసిపెట్టి లాభం లేదు.

రెండోది మిల్ స్కేల్. కొత్త ఎంఎస్ పట్టీలు, యాంగిళ్ల మీద నీలిమందు రంగులో నల్లగా మెరిసే పొర ఉంటుంది చూడండి, వేడిగా రోల్ చేసినప్పుడు పట్టిన ఆక్సైడ్. వెల్డింగ్ షాపులో దాన్ని తీయరు, 'కొత్త ఐరనే కదా' అని దానిమీదే రెడ్ ఆక్సైడ్ కొడతారు. అది ఇనుము కంటే కేథోడ్ స్వభావం ఉన్న పొర, అంటే తాను కరగకుండా పక్కనున్న ఇనుముని కరిగించేది. ఎక్కడైనా బీట పడితే చుట్టూ ఉన్న స్కేలంతా కలిసి ఆ బీటలో ఉన్న కాస్త ఇనుముని తింటుంది. పైగా స్కేలు తనంతట తానే పెచ్చులుగా ఊడుతుంది, మీ రంగుని కూడా వెంట తీసుకుపోతుంది. వెండర్ ఇచ్చిన డీఫాల్ట్ కాన్ఫిగ్‌ని అలాగే ప్రొడక్షన్‌కి ఎక్కించడం ఇది.

జావా_జగన్నాథం:

ఇంత గోలెందుకు బాసూ. ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్లుగా ఏ రంగూ లేకుండా నిలబడింది. కోబాల్ అనే పాతకాలపు భాషలో రాసినట్టుంది, ఎవరూ ముట్టుకోరు, నడుస్తోంది. మనవాళ్ల టెక్నాలజీ ముందు మీ జింక్ ఏపాటి?

పిట్టింగ్_పంతులు:

జగన్నాథం గారూ, కోబాల్ పోలిక బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ స్తంభం నిలబడటానికి కారణాలు తెలుసు. ఐఐటీ కాన్పూర్‌లో ఆర్. బాలసుబ్రమణ్యం గారు దీనిమీద చాలా పని చేశారు. ఆ ఇనుములో ఫాస్ఫరస్ సుమారు 0.25 శాతం. ఇప్పటి స్టీలులో అంత ఉండనివ్వరు, పెళుసుబారుతుందని తీసేస్తారు. తడిసి ఆరి, తడిసి ఆరి, ఆ ఫాస్ఫరస్ వల్ల ఇనుముని అంటిపెట్టుకునే పలుచని రక్షణ పొర ఏర్పడింది. ఢిల్లీ గాలి ఏడాదిలో ఎక్కువ భాగం పొడి, సముద్రం దరిదాపుల్లో లేదు. అదే స్తంభంలో నేలలో పాతిన భాగానికి తుప్పు పట్టింది కూడా.

'నా మెషీన్‌లో నడుస్తోంది' అన్న మాటకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ దేశంలో లేదు. దాన్ని తెచ్చి ఆర్కే బీచ్‌లో డిప్లాయ్ చేయాలని మాత్రం ఎవరూ అడగొద్దు.

పూత_మేస్త్రి:

సాగర్ గారూ, రేకు వేలు పెడితే చిల్లు పడేంతగా పోకపోతే పాత గేటు బాగుచేయొచ్చు. చిల్లులు పడ్డచోట ముక్క కోసి కొత్త రేకు వెల్డ్ చేయించండి. తుప్పు రంధ్రాన్ని పుట్టీతో పూడ్చి పైన రంగేస్తామనే వాడిని పంపించేయండి.

మొదట కడగాలి. గ్రైండర్ పట్టేముందే కడగాలి, ఇది చాలామంది తిరగేస్తారు. ఉప్పు ఉండగానే వైర్ బ్రష్ పెడితే ఉప్పుని గుంటల్లోకి దంచినట్టే. మున్సిపల్ నీళ్లు వాడండి, సముద్రానికి దగ్గర బోరు నీళ్లలో మళ్లీ ఉప్పే ఉండొచ్చు. బకెట్లో కాస్త డిష్‌వాష్ లిక్విడ్, స్పాంజి, ఆపైన పైపుతో ధార. రేకు వెనకవైపు, మడతలు, మూలలు వదలొద్దు.

ఆరాక పాత ఎనామిల్ మొత్తం తీసేయాలి. 'గట్టిగా ఉన్నచోట ఉండనిద్దాం' అనొద్దు, ఎందుకంటే మనం వేయబోయేది రెండు డబ్బాల ఎపాక్సీ, అంటే బేస్, హార్డెనర్ కలిపి వేసే గట్టి రంగు. దాని థిన్నర్ పాత ఎనామిల్‌ని ఉబ్బించి ముడతలు ముడతలుగా లేపుతుంది. పాత లైబ్రరీని అన్‌ఇన్‌స్టాల్ చేయకుండా పైన కొత్త మేజర్ వెర్షన్ ఎక్కించినట్టవుతుంది. మీకు మొత్తం తీసే ఓపిక లేకపోతే ఎపాక్సీ జోలికి పోకండి, మళ్లీ ఎనామిల్ వ్యవస్థే వేసుకుని ఏటా టచప్ చేసుకోండి. అది కూడా తప్పేం కాదు, కాకపోతే ఏటా పని.

తీయడానికి 4 అంగుళాల యాంగిల్ గ్రైండర్. పొక్కులు, పెచ్చులు ఉన్నచోట ముందు ఉలితో గీకి, కప్ వైర్ బ్రష్‌తో తీసి, ఆఖర్న 80 నంబరు ఫ్లాప్ డిస్క్ (గరుకు కాగితం రేకుల చక్రం). వైర్ బ్రష్‌తోనే ఆపేస్తే ఇనుము అద్దంలా నున్నగా తయారవుతుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ రంగుకి పట్టు దొరకదు. గరుకు ఉండాలి. సాండ్ బ్లాస్టింగ్ చేసేవాళ్లు దొరికి, గేటు ఊడదీసి పంపగలిగితే ఇంకేం కావాలి. 'ఎస్ఏ రెండున్నర' అని అడగండి, ఇనుము ఎంత శుభ్రంగా తేలాలో చెప్పే గ్రేడు అది, వాళ్లకి అర్థమవుతుంది. ఒకటే జాగ్రత్త, 18 గేజ్ రేకుని గట్టిగా బ్లాస్ట్ చేస్తే ఒంకరపోతుంది, ప్రెజర్ తగ్గించమని చెప్పాలి.

మళ్లీ కడగండి, వెంటనే పొడిబట్టతో తుడిచి ఎండలో ఆరబెట్టండి. మరునాటికి గుంటల్లో చెమట పట్టినట్టు నల్లటి చుక్కలు కనపడితే అక్కడ ఉప్పు ఇంకా ఉంది. ఆ చోట్లు మళ్లీ కడిగి, మళ్లీ గరుకు చేయాలి. ఇది మీ టెస్ట్ కేసు, పాసయ్యేదాకా మెర్జ్ చేయొద్దు. పాసయ్యాక ప్రైమర్ వేసే రోజు పొద్దున్నే డిస్క్ మరోసారి తేలిగ్గా తిప్పి, దుమ్ము తుడిచి, నాలుగు గంటల్లోపు మొదటి కోటు పడాలి.

రంగులు: రెండు డబ్బాల ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ 60 మైక్రాన్లు, దానిమీద ఎంఐఓ (పొలుసుల్లాంటి ఐరన్ ఆక్సైడ్ కలిపిన) ఎపాక్సీ 100 మైక్రాన్లు, పైన అలిఫాటిక్ పీయూ (ఎండకి తట్టుకునే పాలీయూరిథేన్) 50 మైక్రాన్లు. ఇవి ఆరిన పొర మందాలు, మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యోవంతు. ఎపాక్సీని పై కోటుగా వదిలేయకూడదు, ఎండకి సుద్దలా పొడి రాలుతుంది. అందుకే పీయూ.

మీ కొలతల ప్రకారం రేకు రెండు వైపులా, పైపులు, ఫ్రేము కలిపి దాదాపు 9 చదరపు మీటర్లు. లెక్క తేలికే: డబ్బా మీద ఘనపదార్థం శాతం ఘనపరిమాణంలో ఇస్తారు, దాన్ని 10తో గుణించి మైక్రాన్లతో భాగిస్తే లీటరుకి ఎన్ని చదరపు మీటర్లో వస్తుంది. 50 శాతం ఉన్న ప్రైమర్ 60 మైక్రాన్లకి 8.3 చదరపు మీటర్లు. గ్రిల్లు పని కాబట్టి మూడోవంతుకి పైగా వృథా తీసేయండి, ఐదు మిగులుతుంది. అలా ప్రైమర్ 2 లీటర్లు, ఎంఐఓ రెండున్నర, పీయూ లీటరున్నర. హార్డెనర్ కలిపిన లెక్కే ఇది.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే:

అంచులు. తడి రంగు పదును అంచుల మీదినుంచి వెనక్కి లాక్కుంటుంది, మధ్యలో 60 మైక్రాన్లుంటే అంచున 20 కూడా ఉండదు. అందుకే ముందు ఫ్లాప్ డిస్క్‌తో అంచుల పదును చంపాలి. ప్రతి కోటుకీ ముందు అంచులకి, వెల్డింగ్ అతుకులకి బ్రష్‌తో విడిగా ఒక గీత వేయాలి. బౌండరీ కండిషన్లకి ప్రత్యేకంగా టెస్టులు రాస్తారు కదా, అదే.

కలపడం. బేస్, హార్డెనర్ డబ్బా మీద రాసిన పాళ్లలోనే కొలిచి కలపాలి. 'తొందరగా ఆరుతుందని ఇంకాస్త హార్డెనర్' అంటే పొర పెళుసెక్కుతుంది. కలిపాక 15 నుంచి 20 నిమిషాలు ఆగి వేయాలి. ఎండాకాలం రెండు గంటల్లో డబ్బాలోనే గట్టిపడొచ్చు, అవసరమైనంతే కొంచెం కొంచెంగా కలుపుకోండి. టర్పెంటైన్, కిరోసిన్ పోయొద్దు, ఆ ఎపాక్సీకి చెప్పిన థిన్నరే.

తేమ. గాలి తేమ 85 శాతం లోపుండాలి, ఇనుము వేడి మంచు బిందువు (గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉంటే మంచు బిందువు 26 పైచిలుకు, అంటే గేటు 29 పైనుండాలి. వైజాగ్‌లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున పది నుంచి మధ్యాహ్నం మూడు మధ్య వేస్తే ఇబ్బంది ఉండదు. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, తేమ తగిలితే బుడగలొస్తాయి, మెరుపు పోతుంది. ఊపిరితిత్తులకీ మంచిది కాదు. స్ప్రే చేయించేపనైతే గుడ్డ మాస్కు చాలదు, కార్ట్రిజ్ మాస్కు ఉండాలి. ఇంటిదగ్గర బ్రష్, రోలరే మేలు.

సెగ్‌ఫాల్ట్_సాగర్:

మేస్త్రి గారూ, దండం. ఇంకో రెండు అడగనా? షాపువాడు 'జింక్ స్ప్రే' అని వెండిరంగు డబ్బా చూపించాడు, గేటంతా అది కొడితే గాల్వనైజింగ్ అయినట్టే అన్నాడు. ఇంకొకరు రస్ట్ కన్వర్టర్ పూస్తే తుప్పే ప్రైమరైపోతుందన్నారు. వీటిలో నిజమెంత?

గేజ్18:

మొదటిది, ఆ డబ్బా మీద ఏముందో చదవండి. బజారులో 'సిల్వర్' అని అమ్మేవాటిలో చాలావాటిలో ఉండేది అల్యూమినియం పొడి. అది అందానికి, ఎండని తిప్పికొట్టడానికి. జింక్ అయితే మెరుపు లేకుండా ముదురు బూడిదగా ఉంటుంది. నిజమైన జింక్ రిచ్ పెయింటైనా సరే ఇనుముని నేరుగా తాకితేనే పనిచేస్తుంది. జింక్ తాను కరిగి ఇనుముకి ఎలక్ట్రాన్లు ఇవ్వాలి, మధ్యలో తుప్పో పాత రంగో ఉంటే ఆ దారి తెగినట్టే. కేబుల్ పెట్టని బ్యాకప్ సర్వర్.

కన్వర్టర్‌లో ఉండేది టానిన్, లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం, లేదా రెండూ. టానిన్ తుప్పుతో కలిసి నల్లటి ఐరన్ టానేట్ అవుతుంది. ఇది మనకి కొత్త కాదు, కలంకారీలో కరక్కాయ పట్టించిన బట్ట మీద ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన కసిమి గీస్తే నలుపెక్కేది ఇదే చర్య. గేటు మీద అది పైపైన ఉన్న పలుచని తుప్పుని మారుస్తుంది, గుంటల అడుగున దాక్కున్న క్లోరైడ్‌ని ఏమీ చేయదు. పెచ్చులుగా ఉన్న తుప్పు మీద అసలే పనికిరాదు. బ్రష్ దూరని మూలల్లో వాడుకోండి, మిగిలిన జిగట ఆమ్లం కడిగి ఆరాకే ఎపాక్సీ.

ఇక కొత్తది చేయిద్దామా అన్నదానికి జింక్ లెక్క చెప్తా. జింక్‌ని ఎర్రర్ బడ్జెట్ అనుకోండి. ఏడాదికి ఇంత అని ఖర్చవుతుంది, అయిపోయిన రోజు ఇనుము వంతు. ఐఎస్ఓ 9223 ప్రమాణం గాలిని తుప్పు పట్టించే తీవ్రతని బట్టి సి1 నుంచి సి5 దాకా, ఆపైన సిఎక్స్ అని విడగొట్టింది. సి5లో జింక్ ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. మీ ఇల్లు సి4, సి5 మధ్య అనుకుని చెడ్డవైపే లెక్కేసుకోవడం మంచిది.

బజారులో దొరికే చవక జీఐ రేకు 120 గ్రాముల పూత. అది చదరపు మీటరుకి రెండు వైపులా కలిపి, అంటే ఒక్కోవైపు ఎనిమిదిన్నర మైక్రాన్ల లోపే. సి5లో ఏడాది నుంచి రెండేళ్లు. 275 గ్రాములదైతే వైపుకి 19 మైక్రాన్లు, రెండు నుంచి నాలుగున్నరేళ్లు. షెడ్డుకి రేకు కొనేటప్పుడు గేజు ఒక్కటే అడిగి రావొద్దు, పూత గ్రాములెంతో అడగండి.

జీఐ పైపు తెచ్చి గేటు వెల్డ్ చేయించడంలో పెద్ద తిరకాసుంది. జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది, వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ ఉన్నదంతా ఆవిరైపోతుంది. నీళ్లు నిలిచే చోటే పూత లేకుండా పోతుందన్నమాట. ఆ పొగ పీల్చిన వెల్డర్‌కి సాయంత్రానికి చలిజ్వరం కూడా. సరైన వరుస ఏమిటంటే ఎంఎస్‌తో గేటు చేసి, తర్వాత మొత్తం కరిగిన జింక్ తొట్టెలో ముంచడం. ఒకటిన్నర నుంచి 3 మి.మీ. మందానికి సగటున 55 మైక్రాన్ల పూత వస్తుంది, సి5లో ఆరున్నర నుంచి 13 ఏళ్లు. పైన ఎపాక్సీ, పీయూ పడితే రెండూ కలిసి ఇంకా ఎక్కువ.

కానీ ముంచేముందు ప్రతి మూసిన పైపుకీ రెండు చివర్లా రంధ్రాలు ఉండి తీరాలి. తొట్టె 450 డిగ్రీలు, లోపల చిక్కిన తడి ఆవిరై పైపు బాంబులా పేలుతుంది. రంధ్రాల్లేని గేటుని ప్లాంటువాళ్లే తిప్పి పంపుతారు. 18 గేజ్ రేకు ఆ వేడికి వంకరలు పోతుంది కాబట్టి రేకు బదులు పట్టీల డిజైన్ ఎంచుకోండి.

ఇంకోమాట, జింక్ పూత మీద ఎప్పుడూ నేరుగా ఎనామిల్ వేయొద్దు. ఎనామిల్‌లోని నూనె జింక్‌తో కలిసి సబ్బవుతుంది, ఏడాది తిరక్కుండా పొరలు పొరలుగా ఊడిపోతుంది. మధ్యలో ఎచ్ ప్రైమరో (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునేది) ఎపాక్సీ ప్రైమరో ఉండాలి.

ఆస్టెనైట్_అక్క:

స్టెయిన్‌లెస్ సంగతి నేను చెప్తాను తమ్ముడూ. దానికి తుప్పు పట్టదనుకోవడమే అన్ని గొడవలకీ మూలం. అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటుంది, అది గాలిలో ఆక్సిజన్‌తో కలిసి కొన్ని నానోమీటర్ల పొర కట్టుకుంటుంది. గీత పడితే వెంటనే మళ్లీ కట్టుకుంటుంది. ఎర్లాంగ్ సూపర్‌వైజర్ లాగా, ప్రాసెస్ చచ్చిపోతే తిరిగి లేపుతుంది. అయితే లేపడానికి ఆక్సిజన్ అందాలి. రెండు పలకల సందులో, వాషర్ కింద, మట్టి పేరుకున్న అడుగున ఆక్సిజన్ అందదు, క్లోరైడ్ మాత్రం చేరుతుంది. అక్కడ గుంటలు పడతాయి.

గ్రేడ్లు: బయట గేట్లకీ రెయిలింగులకీ ఎక్కువగా అంటగట్టేది 202, లేదా ఆ పేరుతో వచ్చే తక్కువ నికెల్ రకాలు. మీ వీధిలో ఒక వానాకాలానికే టీ ఒలికినట్టు గోధుమరంగు తుప్పు మరకలు వస్తాయి. 304లో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్, నెలనెలా కడిగితే నెగ్గుకొస్తుంది. 316లో అదనంగా 2 నుంచి 3 శాతం మాలిబ్డినం, క్లోరైడ్‌కి తట్టుకునేది అదీ. అయస్కాంతం పెట్టి చూస్తే 202కీ 304కీ తేడా తెలియదు, రెండూ అంటుకోవు. మాలిబ్డినం పరీక్ష చుక్కలమందు దొరుకుతుంది, 316 అని డబ్బు తీసుకుంటే ఎదురుగా చుక్క వేయించుకోండి. ఫినిషు కూడా ముఖ్యమే, గరుకు గీతలున్న మ్యాట్ కంటే నున్నటి పాలిష్ మీద ఉప్పు తక్కువ నిలుస్తుంది.

రస్ట్ భాష రాసేవారు కాబట్టి చెబుతున్నాను. పైపంతా సేఫ్ కోడ్, వెల్డింగ్ అతుకు మాత్రం అన్‌సేఫ్ బ్లాక్, అంటే కంపైలర్ పూర్తిగా తనిఖీ చేయలేని ముక్క. ఆడిట్ చేయాల్సింది అక్కడే. వేడికి అతుకు పక్కన నీలం, బంగారు రంగు చారలొస్తాయి. ఆ చారల కింద క్రోమియం తగ్గిన పొర ఉంటుంది. పికిలింగ్ పేస్ట్‌తో గానీ సన్నని డిస్క్‌తో గానీ దాన్ని తీసేయాలి. పేస్ట్‌లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది, ఎముకదాకా కాలుస్తుంది, ఇంట్లో ప్రయోగాలు వద్దు, చేతనైన షాపులోనే. ఎంఎస్ మీద వాడిన వైర్ బ్రష్, అదే డిస్కు స్టెయిన్‌లెస్ మీద పెడితే ఇనుప నలుసులు దిగబడి చుక్కచుక్కగా తుప్పు పడుతుంది. షాపులో ఒకే బల్ల మీద రెండు పనులూ చేస్తుంటే అనుమానించాల్సిందే.

ఇంట్లో వాళ్లకి ఒకటి చెప్పండి: బాత్రూం కడిగే యాసిడ్, బ్లీచింగ్ ఆ దరిదాపులకి రానివ్వొద్దు.

జావా_జగన్నాథం:

అక్కా, వెల్డింగ్ పక్కన క్రోమియం కార్బైడ్ అవడం కూడా ఉంది కదా, దానికోసం 304ఎల్ తీసుకోమని అంటారు?

ఆస్టెనైట్_అక్క:

ఉంది, 450 నుంచి 850 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే. మందపాటి ప్లేట్లకి అది పట్టించుకోవాల్సిందే. గేటుకి వాడే ఒకటిన్నర మి.మీ. పైపు ఆ వేడిలో కొన్ని క్షణాలే ఉంటుంది, 304ఎల్ కోసం ఊరంతా వెతకనక్కర్లేదు. రంగు చారలు తీయించడం మీద ఖర్చు పెట్టండి.

పిట్టింగ్_పంతులు:

స్క్రూల ప్రశ్న ఎవరూ ముట్టలేదు. రెండు వేర్వేరు లోహాలు తడిలో తాకితే అందులో చురుకైనది కరుగుతుంది. ఎంత వేగంగా అన్నది విస్తీర్ణాల మీద ఆధారపడుతుంది. పెద్ద జీఐ రేకులో చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ: కరిగేది రేకు మీది జింక్, అది బోలెడుంది, నష్టం పలుచగా పరుచుకుంటుంది. అయినా ఉప్పుగాలిలో స్క్రూ చుట్టూ జింక్ ముందు పోతుంది, కాబట్టి ఈపీడీఎం రబ్బరు వాషర్ తప్పనిసరి. వాషర్ నలిగి బయటికి ఉబ్బేంత బిగించొద్దు.

దీన్ని తిరగేస్తే ప్రమాదం. పెద్ద స్టెయిన్‌లెస్ పలకకి మామూలు జింక్ పూత స్క్రూ కొడితే మొత్తం పలక కలిసి ఆ చిన్న స్క్రూని తింటుంది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండాగారం) నుంచి తీసేస్తే ఎక్కడెక్కడి బిల్డులో కూలాయి కదా. ఇక్కడ కూడా పలక చెక్కుచెదరకుండా ఉంటుంది, స్క్రూ తల ఊడి కింద పడుతుంది.

షెడ్డు మీద ఇంకో పొంచి ఉన్న డిపెండెన్సీ ఏసీ నీళ్లు. రాగి కాయిల్ మీదుగా కారిన నీటిలో కాస్త రాగి ఉంటుంది, అది జింక్ మీద పేరుకుని చుక్క పడ్డచోటల్లా చిల్లులు పెడుతుంది. ఏసీ పైపుని రేకు మీదికి వదలకండి, ప్లాస్టిక్ పైపుతో నేరుగా తూముకి దింపండి.

జావా_జగన్నాథం:

సరే, అందరూ ఇంత చెప్పారు కాబట్టి నా వంతు జాబితా. ఎంఎస్ అంటే జావాస్క్రిప్ట్: చవక, ఎక్కడైనా అతుకుతుంది, గాలికి వదిలేస్తే పోతుంది. దానిమీద ఎపాక్సీ టైప్‌స్క్రిప్ట్: మీరు కొట్టిన ప్రతి 'ఎనీ' (ఇక్కడ తనిఖీ వద్దనే మాట) ఒక గీత, ఆ గీతలోంచి కింది జావాస్క్రిప్ట్ బయటపడుతుంది. పోతయినుము సి: బరువు, గట్టిది, కిందపడితే పగులుతుంది. 202 స్టెయిన్‌లెస్ డెమో కోసం రాసిన ప్రోటోటైప్. ప్లాస్టిక్ కుర్చీ ఎక్సెల్ షీటు: దానికి తుప్పు పట్టదు, ఎవరూ తీసేయరు, కంపెనీ మొత్తం దానిమీదే కూర్చుంది.

పూత_మేస్త్రి:

కుర్చీకి నా ఓటు. సాగర్ గారూ, ఒకటి మిగిలింది, మడత బందులు. వాటి మేకు తిరిగేచోట రంగు వేస్తే నాలుగు రోజుల్లో అరిగిపోతుంది, అక్కణ్ణుంచే కారికలు మొదలు. రంగు వేసేటప్పుడు ఆ మేకులకి టేపు చుట్టండి, తర్వాత నీటికి కరగని మెరైన్ గ్రీజు పెట్టండి. తాళం కప్పలోకి గ్రీజు వద్దు, దుమ్ము పట్టి బిగుసుకుంటుంది, గ్రాఫైట్ పొడి ఊదండి.

ఇక నెలకోసారి మంచినీళ్ల ధార, వానాకాలం కాని నెలల్లో రెండుసార్లు. పోర్టికో కిందిదాన్ని ముందు కడగండి. ఎక్కడైనా రంగు గీసుకుపోతే వారంలోపు ఆ చోట ఫ్లాప్ డిస్క్ పెట్టి, ప్రైమర్, పీయూ వేసేయండి. ఇందుకోసం ప్రైమర్‌నీ పీయూనీ ఒక్కోటి అర లీటరు చొప్పున ఎక్కువ కొని, బేస్, హార్డెనర్ విడివిడిగా మూత బిగించి నీడలో ఉంచుకోండి. కలిపినది మాత్రం దాచొద్దు, పొద్దునకి రాయైపోతుంది.